పేరు కన్నా ముందు చూపు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును రెండుగా చీలుస్తూ సాగుతుంది. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయాక రోడ్డుకు ఇటూ అటూ నెర్రెలిచ్చిన బురద, దాని మీద తెల్లటి ఉప్పు పొర, ఆ పొరలో సగం కూరుకుపోయిన చిప్పలు కనిపిస్తాయి. పైన ఉన్నవి నిన్నమొన్నటివే కావచ్చు. అడుగు పొరల్లోని గుల్ల మాత్రం వేల ఏళ్ల నాటిది. సముద్రం ఇప్పటి గట్టు దాటి లోపలికి వచ్చి నిలిచిన రోజుల్లో అది పెరిగింది. ఆ గుల్లనే తవ్వి, బట్టీల్లో కాల్చి, తరతరాలుగా ఈ ప్రాంతం తన గోడలకు సున్నం వేసుకుంది.

ఈ తీరంలో ఎక్కడో ఒక చోట డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె వంగి ఒక రాయి ఏరుకుందనుకుందాం. బొటనవేలంత ఉంది. కోడెదూడ కొమ్ములా కొద్దిగా వంగి ఉంది. లావుగా ఉన్న కొస మీద ప్రమిదలాంటి గుంట, గుంట నిండా అంచు నుంచి నడిమికి దిగే సన్నటి పలకలు. చేతిలోకి రాగానే ఆమె నోటి నుంచి వచ్చే మొదటి మాట ఒక పేరు. ఫోన్‌తో ఫొటో తీస్తే ఇంకో పేరు వస్తుంది. పేరు దొరికిన తృప్తిలో రాయి సంచిలోకి వెళుతుంది, చూడడం అక్కడితో ఆగిపోతుంది. ఈ అధ్యాయం అలా ఆగిపోయిన చూపును మళ్లీ కదిలించడం గురించి. అందుకు ఒంటరి పగడపు శిలాజం కన్నా మంచి రాతపలక దొరకడం కష్టం. ఒక్క జీవి, ఒక్క గిన్నె, అందులోనే దాని బతుకంతా రాసి ఉంటుంది.

పగడం అనే మాటే ముందుగా అడ్డుపడుతుంది. తెలుగింట్లో పగడమంటే నల్లపూసల మధ్య కూర్చే ఎర్రపూస. ఆ పూస ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చిన వేరే వంశపు జీవిది. దాని ప్రతి నోటి చుట్టూ ఎనిమిది చేతులుంటాయి, లోపల పలకల గిన్నె ఉండదు. పగడపు దిబ్బలు కట్టేవి, మన అమ్మాయి చేతిలో ఉన్నలాంటివి, రాతి పగడాలు. ఒకే మాట రెండు వంశాలను కప్పేస్తోందని తెలిసిన క్షణం నుంచే ఆమె జాగ్రత్తగా చూడడం మొదలుపెడుతుంది.

రెండో ప్రశ్న ఊరు గురించి. రాయి ఇక్కడిదేనా? నెల్లూరు తీరంలో పగడపు దిబ్బలు లేవు. పెన్నా, స్వర్ణముఖి తెచ్చే ఒండ్రుతో నీరు మసకబారి ఉంటుంది, అడుగున ఇసుకా బురదా. మన దేశంలో చెప్పుకోదగ్గ దిబ్బలు మన్నార్ గల్ఫ్, దాని పక్కనున్న పాక్ అఖాతం, అండమాన్ నికోబార్, లక్షద్వీప్, కచ్ గల్ఫ్‌లలో ఉన్నాయి. అంతమాత్రాన ఇక్కడ పగడమే అసాధ్యమని తేల్చేయడమూ తొందరపాటే. ఒంటరి పగడాలకు దిబ్బ అక్కర్లేదు. హెటెరోసయాథస్, హెటెరోప్సామియా అనే బొత్తాయిలంత పగడాలు మెత్తటి అడుగున తిరుగుతూ బతుకుతాయి. చిన్న నత్తగుల్ల మీద పుట్టి, దాన్ని పూర్తిగా కమ్మేసి పెరుగుతాయి. లోపల కాపురముండే ఒక పురుగు వాటిని బురదలో కూరుకుపోకుండా ఈడ్చుకుపోతుంది. ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడలో వైద్యుడిగా, ప్రకృతి పరిశీలకుడిగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ మన సముద్రాల లోతుల్లోంచి తోడిన రాతి పగడాల గురించి 1898లో ఒక గ్రంథమే వెలువరించాడు. వాటిలో ఒంటరి పగడాలు ఎన్నో ఉన్నాయి.

ఇంకో దారి కూడా ఉంది. రేవు గోడలకూ, కరకట్టలకూ రాయి ఎక్కడెక్కడి నుంచో లారీల్లో వస్తుంది. పుణ్యక్షేత్రాల నుంచి తెచ్చుకున్న రాళ్లను ఇంటివాళ్లు ఎప్పుడో వాకిట్లో పారేస్తారు. అందుకే రాయి కన్నా ముందు చీటీ. ఎక్కడ దొరికింది, పొరలో గుచ్చుకుని ఉందా వదులుగా పడి ఉందా, పక్కన ఇంకేమున్నాయి, తేదీ, ఏరినవారెవరు: ఇవన్నీ అక్కడే, రాయి సంచిలో పడకముందే రాసుకోవాలి. సాయంత్రం ఇంటికెళ్లి రాద్దామనుకుంటే సగం పోతుంది. వదులుగా దొరికిన దాన్ని 'వదులుగా దొరికింది' అని రాయడానికి సిగ్గుపడనక్కర్లేదు. చీటీ లేని శిలాజం ఎంత ముచ్చటగా ఉన్నా అల్మారాలో బొమ్మ.

చట్టం మాట కూడా ఇక్కడే. పులికాట్ పక్షుల అభయారణ్యం. అక్కడ తవ్వే హక్కు ఎవరికీ సరదాగా రాదు. దిబ్బలు కట్టే రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. కొత్తగా ఒడ్డుకు కొట్టుకొచ్చిన పగడం కనిపిస్తే ఫొటో తీసి, చోటు రాసుకుని, దాన్ని అక్కడే వదిలేయాలి.

ఇక చేతిలోని వస్తువు. గూడూరు నిమ్మకాయను అడ్డంగా కోస్తే తొనల మధ్య పలచటి తెల్లగోడలు నడిమికి చేరుతూ కనిపిస్తాయి కదా, ఒంటరి పగడం గిన్నె ఇంచుమించు అలాగే ఉంటుంది. ఆ గోడలే సెప్టా, నిలువు పలకలు. చుట్టూ ఉన్న ప్రహరీ పేరు థీకా. పలకలు ప్రహరీ దాటి బయటికి గట్లుగా పొడుచుకొస్తే అవి కోస్టా. నడిమధ్య స్తంభం ఉంటే అది కొలుమెల్లా. పలకలకూ స్తంభానికీ మధ్య చిన్న కర్రల్లాంటివి వేరుగా నిలబడి ఉంటే వాటిని పాలి అంటారు. ఈ ఐదు మాటలు వస్తే చాలు, పని మొదలుపెట్టవచ్చు. కారియోఫిలియాలో పాలి ఒకే వలయంగా నిలుస్తుంది, ట్రోకోసయాథస్‌లో రెండు వలయాలు కడుతుంది, ఫ్లాబెల్లమ్‌లో అసలు ఉండదు, దాని గిన్నె విసనకర్రలా నొక్కుకుపోయి ఉంటుంది. పైకి మూడూ చిన్న కొమ్ములే. తేడా అంతా గిన్నెలోకి తొంగిచూసిన వాళ్లకే తెలుస్తుంది.

లెక్క ఇంకా లోతైన సంగతి చెబుతుంది. నేటి రాతి పగడాల వంశంలో పలకలు ఆరు ఆరుగా పుడతాయి. మొదటి తరం 6, రెండో తరం 6, మూడో తరం 12, నాలుగోది 24. నాలుగు తరాలు పూర్తయితే మొత్తం 48. ఐదో తరం వస్తే 96. వీటికన్నా ముందు సముద్రాలనేలిన రూగోజా అనే వంశంలో మొదటి ఆరు పలకల తర్వాత కొత్తవి నాలుగు మూలల్లోనే పుట్టేవి. ఆ వంశం సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట, పెర్మియన్ యుగం చివర, పూర్తిగా అంతరించింది. స్పితి లోయలాంటి హిమాలయ ప్రాంతాల్లో అంత పాత సముద్రపు రాళ్లున్నాయి. మన తూర్పు తీరపు సముద్ర పొరలు దానికి చాలా తర్వాతివి. కాబట్టి మన అమ్మాయి చేతి రాయిలో పలకలు నాలుగు మూలల పద్ధతిలో తేలితే, అది నెల్లూరుకు ప్రయాణించి వచ్చిన రాయి. లెక్కపెట్టడం ఒక్కటే ఆ సంగతి చెప్పేసింది, పేరుతో పని పడలేదు.

లెక్కపెట్టడానికీ ఒక పద్ధతుంది. మెత్తటి బ్రష్‌తో, మంచినీళ్లతో కడగాలి. నిమ్మరసం, వెనిగర్ దగ్గరికి రానివ్వకూడదు, అది సున్నపురాయి, కరిగిపోతుంది. పది రెట్ల భూతద్దం, పక్క నుంచి వాలుగా పడే వెలుతురు చాలు. ఒక పలక పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టి అక్కడి నుంచి ఒక చుట్టు, మళ్లీ ఎదురు దిక్కున ఇంకో చుట్టు. రెండు లెక్కలూ కలవకపోతే రెండూ రాయాలి. వెర్నియర్ కాలిపర్స్‌తో గిన్నె పెద్ద అడ్డకొలత, చిన్న అడ్డకొలత, కొమ్ము ఎత్తు కొలవాలి. తర్వాత బొమ్మ గీయాలి. ఫొటో ఉన్నా గీయాలి. కెమెరా అన్నిటినీ ఒకేలా తీసుకుంటుంది. చెయ్యి మాత్రం ప్రతి పలక దగ్గరా ఆగి, ఇది నడిమి దాకా వెళ్లిందా, సగంలో ఆగిందా అని అడుగుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. పలకల సంఖ్య వయసుతో పెరుగుతుంది. చిన్న పగడంలో 24 ఉంటే, పెద్దయ్యాక అదే పగడంలో 48 ఉండవచ్చు. ఒకే చోట దొరికిన పిల్లనూ పెద్దనూ చూసి రెండు జాతులనుకోవడం ఈ రంగంలో చాలా పాత పొరపాటు. బురదలో పెరిగినది సన్నగా పొడుగ్గా, గట్టి నేలను పట్టుకున్నది పొట్టిగా వెడల్పుగా ఉండవచ్చు. మెత్తటి అడుగున పక్కకు ఒరిగిపోయిన కొమ్ము పగడం మళ్లీ పైకి మళ్లి పెరుగుతుంది, ఆ ఒంపు శిలాజంలో అలాగే నిలిచిపోతుంది. అది జాతి లక్షణం కాదు, ఆ ఒక్క జీవికి జరిగిన సంగతి. ఏది వంశానిది, ఏది వయసుది, ఏది ఆ ఒక్కదాని బతుకులో జరిగినది అని విడదీయడమే జాతుల వర్ణనలో అన్నిటికన్నా కష్టమైన పని, అన్నిటికన్నా అందమైన పని కూడా.

గుజరాత్ కచ్‌లోని జురాసిక్ పగడాల కథ దీనికి సాక్ష్యం. రిఫ్ట్ వ్యాలీ అనే మాటను వాడుకలోకి తెచ్చిన భూగర్భ శాస్త్రవేత్త జాన్ వాల్టర్ గ్రెగరీ 1900లో ఆ పగడాల మీద పాలియోంటోలోజియా ఇండికా గ్రంథమాలలో పెద్ద గ్రంథం ప్రచురించాడు. మోంట్లివాల్షియా అనే ఒంటరి పగడపు ప్రజాతి ఒక్కదానిలోనే ఎన్నో కొత్త జాతులకు పేర్లు పెట్టాడు. సుమారు తొంభై ఏళ్ల తర్వాత ధీరేంద్ర కుమార్ పాండే, ఫ్రాంజ్ ఫ్యూర్సిక్ అనే శాస్త్రవేత్తలు అవే పొరలకు మళ్లీ వెళ్లారు. పొరలవారీగా ఏరుకొచ్చి, కొలతలు పక్కపక్కన పెట్టి, 1993లో ప్రచురించిన పుస్తకంలో ఆ పాత పేర్లలో చాలావాటిని కలిపేశారు. ఒకే జాతి లోపలి తేడాలకు వేరువేరు పేర్లు పడ్డాయని వాళ్లకు అర్థమైంది. గ్రెగరీ అసమర్థుడు కాడు. అతను వర్ణించినంత జాగ్రత్తగా, బొమ్మలతో సహా రాసి ఉండకపోతే తర్వాతివాళ్లు సరిదిద్దడానికి అక్కడ ఏమీ ఉండేది కాదు. పేర్లు కరిగిపోయాయి, వర్ణనలు మిగిలాయి.

వంశాన్నీ వయసునూ ఇలా విడదీయడానికి ఒంటరి పగడం ఒక అరుదైన సాయం చేస్తుంది. కొమ్ము సన్నటి కొస దాని బాల్యం, గిన్నె దాని ఆఖరి రోజు. ఎలాగూ విరిగిన ఒక నమూనాను తీసుకుని కొస నుంచి పైకి వరుసగా అడ్డంగా కోస్తూ, ప్రతి కోతనూ సానబెట్టి చూస్తే మొదట 6, తర్వాత 12, తర్వాత 24 పలకలు కనిపిస్తాయి. పిల్ల పగడాన్ని వేరే జాతి అనుకునే ప్రమాదం అక్కడే తొలగిపోతుంది. మంచి నమూనాను కోయకూడదు. కోసిన ప్రతి ముక్కకూ అదే నంబరు వేయాలి. ఒక్కటి కాదు, ఒకే పొర నుంచి ఇరవై ముప్పై ఉంటే అడ్డకొలత ఒక పక్క, పలకల సంఖ్య ఇంకో పక్క పెట్టి గ్రాఫ్ గీయాలి. చుక్కలన్నీ ఒకే దారిలో పాకుతుంటే అది ఒకే జాతి పెరుగుతున్న దారి కావచ్చు. రెండు గుంపులుగా విడిపోతే అప్పుడు రెండో పేరు గురించి ఆలోచించవచ్చు.

ఓపికగా లెక్కపెట్టడం ఎంత దూరం తీసుకెళుతుందో చెప్పడానికి కార్నెల్ విశ్వవిద్యాలయపు జాన్ వెల్స్‌ను తలచుకోవాలి. కొమ్ము పగడాల వెలుపలి పొర మీద వెంట్రుకవాసి గీతలుంటాయి. బతికి ఉన్న పగడంలో అవి దాదాపు రోజుకొకటి చొప్పున పడతాయని ఆయన గమనించాడు, ఏడాదికి సుమారు 360 తేలాయి. తర్వాత సుమారు 38 కోట్ల ఏళ్ల నాటి డెవోనియన్ పగడాలు తీసుకుని, ఏడాది ఎదుగుదలను చూపే పట్టీల మధ్య గీతలు లెక్కపెట్టాడు. 385 నుంచి 410 వచ్చాయి, ఇంచుమించు 400. అంటే అప్పటి ఏడాదిలో 400 రోజులున్నాయి, రోజుకు 22 గంటలే. ఆటుపోట్ల రాపిడికి భూమి తిరుగుడు మెల్లగా మందగిస్తోందని ఖగోళ శాస్త్రవేత్తలు కాగితం మీద వేసిన లెక్క సముద్రపు అడుగున ఒక కొమ్ము మీద రాసి ఉంది. 1963లో నేచర్ పత్రికలో ఆ చిన్న వ్యాసం వచ్చింది. మరుసటి ఏడాదే బ్రిటన్‌లో కొలిన్ స్క్రట్టన్ అలాంటి గీతలే గుంపులుగా ఉండడం చూశాడు. గుంపుకు సగటున 30.6, ఏడాదికి 13 గుంపులు. అది చాంద్రమాన నెల లెక్క. ఇద్దరూ వాడిన ముఖ్యమైన పరికరాలు భూతద్దం, వాలు వెలుతురు, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టగల మనసు.

నెల్లూరు పిల్లలకు అసలైన శిలాజ పగడాలు చూడాలనిపిస్తే దగ్గరి బడి దక్షిణాన ఉంది. చెన్నై నుంచి తిరుచ్చి వెళ్లే రైలు విల్లుపురం దాటాక అరియలూరులో ఆగుతుంది. అక్కడి సున్నపురాయి, ఒకనాటి క్రెటేషియస్ సముద్రపు అడుగు. 1838లో మొరావియాలో పుట్టి, 1862లో భారత భూగర్భ సర్వేలో చేరిన ఫెర్డినాండ్ స్టోలిచ్కా ఆ ప్రాంతపు శిలాజాలను ఒక్కొక్క వర్గంగా వర్ణించుకుంటూ వెళ్లాడు. నత్తలు, ఆల్చిప్పలు అయ్యాక, 1873లో పగడాల వంతు వచ్చింది. పాత పండితులు ఏ పేరుతో పిలిచారో ముందు రాసి, తర్వాత తన కళ్లకు కనిపించింది రాసి, ఆ తర్వాత పోలికలు రాసే క్రమం ఆ పుటల్లో కనిపిస్తుంది. మరుసటి ఏడాదే యార్కండ్ యాత్ర నుంచి తిరిగొస్తూ లడఖ్‌లో కన్నుమూశాడు, 36 ఏళ్ల వయసు. అతని వర్ణనలను తెరవకుండా ఇవాళ్టికీ అరియలూరు మీద ఎవరూ పని చేయలేరు.

వర్ణన ఎలా ఉండాలి? 'చిన్నగా, గరుకుగా, అందంగా ఉన్న పగడం' అని రాస్తే చదివినవారి చేతిలోకి ఏమీ రాదు. అభ్యాసం కోసం ఊహించుకున్న ఒక నమూనాకు ఇలా రాయవచ్చు: కొమ్ము ఆకారం, కొస కొద్దిగా వంగింది. ఎత్తు 24 మి.మీ. గిన్నె కోలగా ఉంది, అడ్డకొలతలు 17, 14 మి.మీ. పలకలు 48, నాలుగు తరాలు. మొదటి రెండు తరాలవి సమానంగా ఉండి స్తంభాన్ని తాకుతాయి, మూడోవి మూడు వంతుల్లో రెండు వంతులు, నాలుగోవి పొట్టివి. మూడో తరం ఎదురుగా పాలి, ఒకే వలయం. వెలుపలి గట్లు సమానం, అంచు దగ్గర మాత్రమే స్పష్టం. ఒక పక్క గిన్నె విరిగింది, అక్కడి 7 పలకలు మొదళ్లను బట్టి లెక్కించినవి. ఈ ఆఖరి వాక్యం రాయడానికి ధైర్యం కావాలి. కనిపించనిదాన్ని కనిపించలేదని రాసినవాళ్ల మాటనే కనిపించినదాని గురించి కూడా నమ్ముతారు.

ఆ తర్వాతే పేరు. పోలికలు చూసి తెలిసిన జాతి అనిపిస్తే ఆ పేరు. దగ్గరగా ఉంది కానీ నమ్మకం చాలకపోతే మధ్యలో 'సి.ఎఫ్.' అని పెడతారు. ప్రజాతి మాత్రమే తెలిస్తే 'ఎస్‌పి.' అని ఆపేస్తారు. ఇవి ఓటమి గుర్తులు కావు, నిజాయితీగా పెట్టిన మైలురాళ్లు. నిజంగా కొత్త జాతి అయితే అంతర్జాతీయ జంతునామకరణ నియమావళి ప్రకారం ఒక నమూనాను మూలనమూనాగా ఎంచి, అది ఏ సంస్థ భద్రపరుస్తుందో చెప్పి, ఏ తేడాల వల్ల కొత్తదో రాసి, నియమాలకు సరిపడేలా ప్రచురించాలి. ఊరి పేరు జాతి పేరయ్యే అందమైన సంప్రదాయం ఒకటుంది. ఒంగోలు ప్రాంతంలోని బూదవాడ దగ్గర దొరికిన అమ్మొనైట్ అనే క్రెటేషియస్ గుల్లజీవికి శిలాజ శాస్త్రవేత్త స్పాత్ 1933లో పాస్కోయిటిస్ బూదవాడెన్సిస్ అని పేరు పెట్టాడు. చివరనున్న 'ఎన్సిస్' అంటే 'ఆ ఊరిది' అని. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ అమ్మొనైట్‌తో ఒక పల్లె పేరు ప్రపంచపు శిలాజ గ్రంథాల్లోకి నడిచి వెళ్లింది. ఏరినవాళ్లెవరో చీటీ మీద ఊరి పేరు రాసి ఉంచడం వల్లే అది జరిగింది.

రాయి ఇంకా అమ్మాయి బల్ల మీదే ఉంది. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, రెండింటిలోనూ భూగర్భ శాస్త్ర విభాగాలున్నాయి, అక్కడికి తీసుకెళ్లవచ్చు. దానికి ముందు ఇంట్లోనే చేయదగ్గ పరీక్ష ఒకటుంది. రాసిన వర్ణనను, రాయిని ఎప్పుడూ చూడని స్నేహితురాలికి ఇచ్చి, చదివి బొమ్మ గీయమనాలి. రాయి మాత్రం చూపించకూడదు. బొమ్మ వచ్చాక పక్కపక్కన పెట్టి చూడాలి. స్నేహితురాలు గిన్నెను గుండ్రంగా గీస్తే, కోల అనే మాట వర్ణనలో ఎక్కడో కింద దాక్కుందన్నమాట. కొమ్మును కుడికి వంచితే, ఎటు వంగిందో రాయలేదన్నమాట. స్తంభమే గీయకపోతే ఆ అమ్మాయి కాగితం తిరగేసి, దీపం వాలుగా పెట్టి, గిన్నెలోకి మళ్లీ తొంగిచూస్తుంది. ఉందా, లేదా, విరిగిందా.